అరుగులు పోయిన వీధుల్లో వృద్ధులకు చోటేది?

మన పల్లెల్లో వృద్ధుల ఆరోగ్యం మాట వస్తే బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులు, కంటి శుక్లాలు అనే నాలుగు మాటలతో చర్చ ముగుస్తుంది. మందులు వేసుకున్నారా అని అడిగేవారు ఉన్నారు. పింఛను అందిందా అని అడిగేవారు ఉన్నారు. ఇవాళ ఎవరితోనైనా మాట్లాడారా, ఇంటి గడప దాటారా అని అడిగేవారు మాత్రం అరుదు. ముసలివారి మనసుకు, వారి గుమ్మం ముందున్న పది గజాల నేలకు సంబంధం ఉన్నదన్న సంగతిని గ్రామ పంచాయతీలు గాని, వైద్య శాఖ గాని, చివరకు కన్నబిడ్డలు గాని పట్టించుకోవటం లేదు. ఇది విచారించవలసిన విషయం.

వయసు మళ్లినకొద్దీ మనిషి తిరిగే లోకం చిన్నదవుతుంది. 25 ఏళ్ల కుర్రవాడికి జిల్లా అంతా తన ఊరే. 45 ఏళ్ల రైతుకు పొలం, మార్కెట్టు యార్డు, మండల కేంద్రం ఉంటాయి. 75 ఏళ్ల ముసలమ్మకు మిగిలేది వీధి ఒక్కటే. మోకాళ్లు పట్టేశాక ఆ వీధిలోనూ అటు నాలుగిళ్లు, ఇటు నాలుగిళ్లు. అందుచేత మిగతావారి లెక్కలోకి రాని చిన్న మార్పు కూడా ఆమెకు పెద్ద మార్పే. ఒక అరుగు కొట్టేసినా, ఒక వేపచెట్టు నరికినా, మురుగు కాల్వ మీద ఒక పలక పగిలినా ఆమె లోకంలో సగం పోయినట్టే.

అరుగు చేసిన పని

రెండు తరాల క్రితం కట్టిన ఇళ్లలో చాలావాటికి ముందు అరుగు ఉండేది. పెంకుటింటికి రాతి అరుగు, పూరింటికి పేడతో అలికిన మట్టి అరుగు. పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్లేవారు, బడికి పోయే పిల్లలు, నాట్లకు పోయే కూలీల ముఠా, బస్సు దిగి వచ్చే చుట్టాలు, అందరూ ఆ అరుగు ముందు నుంచే నడిచేవారు. "ఏం బాబాయ్, కాఫీ అయిందా?" అని ఒకరు, "మీ మనవడు పండక్కి వస్తున్నాడా అత్తా?" అని మరొకరు పలకరించి పోయేవారు. ఆ మాటల్లో విశేషమేమీ లేదు. కాని రోజుకు పది ఇరవై సార్లు వరస పెట్టి పిలిపించుకున్న మనిషికి తాను ఇంకా ఈ ఊరి మనిషినేనన్న ధైర్యం ఉంటుంది.

అరుగు మీద కూర్చున్న ముసలాయన ఊరికే కాలక్షేపం చేస్తున్నాడని కుర్రకారు అనుకోవచ్చు. నిజానికి ఆయన ఆ వీధికి కాపలా. ఎండబెట్టిన వడియాల మీదకు కాకి రాకుండా చూసేది ఆయనే. కొత్త ముఖం కనిపిస్తే ఎవరింటికి బాబూ అని అడిగేది ఆయనే. ఆడుకునే పిల్లలు బండి కిందకు పోకుండా అదిలించేది ఆయనే. కూర్చున్న చోటనే ఎండ, గాలి, పలకరింపు, పని దొరికేవి. ఏ డాక్టరూ చీటీ మీద రాయని మందు అది.

రోడ్డు లేచింది, ఇల్లు దిగింది

గత 30 ఏళ్లలో పల్లె వీధులు ఒకదాని తర్వాత ఒకటి సిమెంటు రోడ్లయ్యాయి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిపి పనులకు తీర్మానాలు చేశారు. అదే ఏడాది అక్టోబరు 14న ఉపాధి హామీ నిధులతో 'పల్లె పండుగ' మొదలై మరెన్నో వీధులకు సి.సి. రోడ్లు పడ్డాయి. వానాకాలంలో పిక్కలోతు బురదలో నడిచిన రోజులు ఎరిగిన వారెవరూ ఈ రోడ్లను కాదనరు. పురిటికి పోయే ఆడకూతురికైనా, గుండె నొప్పి వచ్చిన ముసలివాడికైనా అంబులెన్సు గుమ్మం దాకా రావాలంటే రోడ్డు కావలసిందే.

రోడ్డు వేయటంలో తప్పు లేదు, వేసే తీరులో ఉంది. చాలాచోట్ల పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదనే కొత్త కాంక్రీటు పోస్తున్నారు. పోసిన ప్రతిసారీ వీధి మట్టం లేస్తుంది. రెండు మూడు విడతలు అయ్యేసరికి ఒకప్పుడు వీధికి రెండు మెట్ల ఎత్తున ఉన్న అరుగు వీధితో సమానమవుతుంది. గడప వీధి కంటే పల్లమవుతుంది. వాన పడితే నీరు ఇంట్లోకి వస్తుంది. ఆ నీటిని ఆపటానికి గుమ్మానికి అడ్డంగా ఒక సిమెంటు కట్ట పోస్తారు. నీరు ఆగుతుంది. కట్ట దాటలేక ముసలివారు కూడా ఇంట్లోనే ఆగిపోతారు.

ఆ తర్వాత మురుగు కాల్వ వస్తుంది. కొలత టేపు పట్టినవారి దృష్టిలో అరుగు అనేది పంచాయతీ స్థలంలోకి రెండడుగులు జరిగిన ఆక్రమణ. దాన్ని కొట్టి కాల్వ తీస్తారు. కాల్వ మీద ఒక ఇంటి ముందు పలక ఉంటుంది, పక్క ఇంటి ముందు ఉండదు. పట్టపగలు పడుచువారు దాటిపోయే ఆ సందు, చూపు మందగించినవారికి గోదావరి అంత వెడల్పు.

నేరమంతా పంచాయతీదే అనటానికి వీల్లేదు. పెంకుటిల్లు తీసి డాబా కట్టుకునేటప్పుడు వీధి గోడ ఆరడుగులు లేపి, ఇనుప గేటు పెట్టి, అరుగు ఉండవలసిన చోట మోటారు సైకిలుకు వాలు కట్టు పోసుకున్నది ఇంటి యజమానులే. ఇల్లు కట్టేటప్పుడు పూజగదికి, బాత్‌రూముకు, కారు నిలిపే చోటుకు కొలతలు వేసుకున్నవారు అమ్మ ఎక్కడ కూర్చుంటుందన్న కొలత వేయలేదు. "ఏం పెద్దమ్మా, బయటికి రావటమే మానేశావు?" అని అడిగితే, "ఎక్కడ కూర్చోమంటావు నాయనా? రోడ్డు మీద కూర్చుంటే బళ్లవాళ్లు కసురుతారు, గేటు లోపల కూర్చుంటే మనిషి కనపడడు" అనే జవాబు పల్లెల్లో కొత్తది కాదు.

మనసు ఎలా కుంగుతుంది?

బయటికి రాని మనిషికి మొదట పగలు కునుకు పడుతుంది. పగలు పడుకున్నందువల్ల రాత్రి నిద్ర రాదు. ఎండ తగలక, నడక లేక ఆకలి మందగిస్తుంది, కాళ్లలో సత్తువ తగ్గుతుంది. సత్తువ తగ్గాక పడిపోతామన్న భయం పుడుతుంది. ఆ భయంతో ఉన్న కాస్త నడకా మానేస్తారు. మాట్లాడేవారు లేక మాట తగ్గుతుంది, మాట తగ్గినకొద్దీ ఆలోచన అంతా ఒకే చోట తిరుగుతుంది. పోయిన భర్త, పోయిన పొలం, రాని కొడుకు. మొదలు ఎక్కడంటే గుమ్మం ముందు కట్ట దగ్గర.

వృద్ధుల్లో మనోవ్యాధి ఎప్పుడూ కన్నీళ్ల రూపంలో రాదు. ఒళ్లంతా నొప్పులని, కడుపులో మంట అని, అన్నం సయించటం లేదని చెప్పే మాటల చాటున వస్తుంది. కొందరు చీటికిమాటికి విసుక్కుంటారు. కొందరు మాట్లాడటం మానేస్తారు. కొందరు "ఇంకెన్నాళ్లులే" అంటారు. ఇంట్లోవారు దానికి ముసలితనమనో, చాదస్తమనో పేరు పెట్టి ఊరుకుంటారు. మతి పోతోందని భయపడి తీసుకువెళ్లిన కొందరి విషయంలో, అసలు జబ్బు మతిమరుపు కాదు, కుంగుబాటు అని వైద్యులు తేల్చటం కూడా ఉంది. కుంగుబాటుకు మందు ఉంది, మాట ఉంది. తగ్గే జబ్బును తగ్గనిదిగా ఎంచి వదిలేయటమే అన్యాయం.

ఇది ఒకటి రెండు ఊళ్ల గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. వారిలో 100కి 71 మంది పల్లెల్లోనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2017-18లో వృద్ధాప్యంపై జరిపించిన జాతీయ సర్వే ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 60 దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చునని ఆ సర్వే లెక్కకట్టింది. డాక్టరు తమకు ఆ జబ్బు ఉందని చెప్పినట్టు తెలిపినవారు 0.8 శాతం మాత్రమే. అంటే కుంగిపోయినవారు పదిమంది ఉంటే గుర్తింపు పొందినది ఒక్కరు. తక్కిన తొమ్మిదిమంది మన వీధుల్లోనే, మూసిన గేట్ల వెనకనే ఉన్నారు.

ఒంటరితనం కారణంగా ఏటా 8 లక్షల 71 వేల మరణాలు సంభవిస్తున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషను 2025 జూన్‌లో అంచనా వేసింది. అంతకు చాలా ముందే, 2007లో, వృద్ధులకు అనువైన నగరాలు ఎలా ఉండాలో ఆ సంస్థ ఒక మార్గదర్శిని ప్రచురించింది. అందులో ఎనిమిది అంశాలు ఉండగా ఆరుబయలు స్థలాలు, కట్టడాలు అన్నదానికి మొదటి చోటు ఇచ్చారు. వైద్యం కన్నా ముందు వీధిని చూడమని దాని భావం. నగరాలకు చెప్పిన ఆ మాట పల్లెలకు మరీ వర్తిస్తుంది.

సౌకర్యం పెరిగింది, కలయిక తగ్గింది

పల్లెకు వచ్చిన మంచి మార్పుల్లో కొన్ని తెలియకుండానే పెద్దలను ఒంటరివారిని చేశాయి. పింఛను సంగతే చూడండి. గతంలో పింఛను రోజున ముసలివారంతా పంచాయతీ ఆఫీసు ముందు బారులు తీరేవారు. ఎండలో నిలబడలేక సొమ్మసిల్లినవారూ ఉన్నారు. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికి చేరుతోంది. 2024 జులైలో వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది. ఇది మంచి పని. ముసలివారిని మళ్లీ బారులో నిలబెట్టమని ఎవరూ కోరరు. కాని ఆ బారులోనే నెలకొకసారి అవతలి పేటలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలు కనిపించేది. ఎవరు మంచాన పడ్డారో, ఎవరింట పెళ్లి కుదిరిందో తెలిసేది. డబ్బు ఇంటికి వచ్చింది, స్నేహితురాలు రాలేదు.

మంచినీటి కుళాయి ఇంట్లోకి వచ్చింది. బిందె మోసే బాధ తప్పింది. దానితోపాటు నూతి గట్టు మీది ముచ్చట్లూ పోయాయి. ఊరి మధ్య రావిచెట్టు ఉన్న చోట సెల్ టవరో, ఆర్చియో, దుకాణాల వరుసో లేచింది. పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు, అమెరికాకు పోయారు. మెట్ట ప్రాంతంలో ఎందరో ఆడపడుచులు కువైట్‌కు, దుబాయికి పనులకు పోయారు. వీధిలో ఇటు రెండు, అటు రెండు ఇళ్లకు తాళాలు పడితే మధ్య ఇంట్లో ఉన్న ఒంటరి ముసలమ్మకు సాయంత్రం ఆరు దాటితే దీపం వెలిగే పొరుగు ఇల్లు కూడా కనబడదు.

టి.వి. ఉంది కదా అని కొందరు అంటారు. టి.వి. మాట్లాడుతుంది, వినదు. రోజంతా అది మోగుతున్న ఇంట్లో ముసలాయన ఒక్క మాటా మాట్లాడకుండా పొద్దుపుచ్చవచ్చు. ఫోనులో మనవడి ముఖం కనిపించటం సంతోషమే. కాని ఆ ఫోను రెండు నిమిషాలు, పగలు పన్నెండు గంటలు.

భయం కూడా ఒక గోడ

కూర్చునే చోటు ఒక్కటే కాదు, అక్కడి దాకా నడిచే దారి కూడా ముఖ్యం. సిమెంటు రోడ్డు మీద మోటారు సైకిళ్ల వేగం పెరిగింది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో చేపల లారీలు, డెల్టాలో వరికోత యంత్రాలు, మెట్టలో పామాయిలు గెలల ట్రాక్టర్లు ఊరి నడుమ నుంచే పోతుంటాయి. చెవి సరిగా వినపడని మనిషి వెనక నుంచి వచ్చే బండిని పసిగట్టలేడు. ఒకసారి ఒరుసుకుపోతే చాలు, మళ్లీ గుడికి కూడా రాడు. కుక్కల గుంపులు మరొక బెడద. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చే వయసులో, వీధి దీపం వెలగని సందులో కుక్కలను అదిలించుకుంటూ నడవటం ఎవరి తరం?

శబ్దం సంగతి చెప్పనక్కరలేదు. పెళ్లికీ, జాతరకూ, నిమజ్జనానికీ తెస్తున్న డి.జె. పెట్టెల మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మైకులు మోగించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధన పల్లెలకూ వర్తిస్తుంది. పండుగ వద్దని ఎవరూ అనరు. నిద్ర పట్టని వయసులో ఉన్నవారికి ఆ నాలుగు గంటల నిద్ర కూడా లేకుండా చేయటం పండుగ కాదు.

పాత రచ్చబండ అందరిదీ కాదు

పాత రోజులన్నీ మంచివని చెప్పటం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ రచ్చబండ మీద అందరికీ చోటు ఉండేది కాదు. పేటల నుంచి వచ్చినవారు దూరంగా నిలబడి మాట్లాడవలసి వచ్చేది. ఆడవారు ఆ దరికే వచ్చేవారు కారు. వారికి ఉన్నవి నూతి గట్టు, గుడి మెట్లు, చర్చి ముందరి నేల, తమ ఇంటి అరుగు మాత్రమే. వితంతువులకు శుభకార్యాల్లోనూ చోటు తక్కువ. కనుక ఇప్పుడు కట్టేది పాత రచ్చబండలా ఒకే చోట, ఊరి పెద్దల ఇళ్ల ముందు ఉండకూడదు. ప్రతి పేటలోనూ ఉండాలి. ఆడవారు సంకోచం లేకుండా కూర్చోగలిగిన చోట ఉండాలి. ముసలివారిలో, ముఖ్యంగా ఒంటరిగా మిగిలినవారిలో ఆడవారే ఎక్కువ అన్న సంగతి మరవకూడదు.

కాలనీల అనుభవం

వీధి ఒక్కసారిగా మారిపోతే పెద్దల మనసు ఏమవుతుందో తెలుసుకోవాలంటే ముంపు గ్రామాల వారిని అడగాలి. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పటి పడుచువారు ఇప్పుడు వృద్ధులు. మునిగిపోయిన ఊరి వీధుల పేర్లు వారు ఈనాటికీ వరుసగా చెబుతారు. మన జిల్లాలో పోలవరం ముంపు కింద కుక్కునూరు, వేలేరుపాడు మండలాల పల్లెలు, పోలవరం మండలంలోని గోదావరి ఒడ్డు ఊళ్లు కదలవలసి వచ్చింది. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ ఊళ్లు పడ్డ బాధ అందరికీ తెలిసిందే. కదలక తప్పదన్నది నిజం. కాని కదిలించే తీరులో వృద్ధుల మనసును ఎవరు లెక్కలోకి తీసుకున్నారు?

జంగారెడ్డిగూడెం మండలం తాడువాయి వంటి చోట్ల కట్టిన పునరావాస కాలనీల్లో ఇళ్లు వరుసగా, ఒకే కొలతతో ఉంటాయి. పక్కా ఇల్లు, కరెంటు, రోడ్డు ఉన్నాయి. అయితే చింతచెట్టును బట్టి, రాతిగుండును బట్టి, ఏటి మలుపును బట్టి దారి గుర్తుపెట్టుకున్న కోయ, కొండరెడ్డి పెద్దలకు ఇంటి నంబరును బట్టి ఇల్లు వెతుక్కోవటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. 50 ఏళ్లు పక్కపక్కన బతికినవారు కాలనీలో చెరొక వీధిలో పడితే వారి పలకరింపు అక్కడితో సరి. పడుచువారు కొత్త చోట కొత్త స్నేహాలు చేసుకుంటారు. 70 దాటినవారికి స్నేహం మొదలుపెట్టే ఓపిక ఎక్కడిది?

అయితే ఈ కాలనీల కోసం చేసిన చట్టంలోనే పల్లెలన్నింటికీ పనికివచ్చే ఒక మాట ఉంది. 2013లో పార్లమెంటు చేసిన భూసేకరణ, పునరావాస చట్టం మూడవ షెడ్యూలులో కొత్త కాలనీలో ఏమేమి ఉండాలో జాబితా ఇచ్చారు. రోడ్లు, మంచినీరు, బడి, ఆరోగ్య కేంద్రం, శ్మశానం వగైరాలతోపాటు ప్రతి 100 కుటుంబాలకు ఒక సామాజిక భవనం, ప్రతి 50 కుటుంబాలకు నలుగురూ కూడే చెట్టు కింది అరుగు ఉండాలని అందులో రాశారు. అంటే రచ్చబండ! బడి ఎంత అవసరమో నలుగురూ కూర్చునే చోటు కూడా అంత అవసరమని చట్టం ఒప్పుకున్నది. తమ కాలనీలో 50 కుటుంబాలకు ఒక అరుగు ఉన్నదా లేదా అని కాలనీవాసులు లెక్క చూసి అడగవచ్చు.

ఊరు మునిగినవారికి చట్టం ఒప్పుకున్న ఆ చోటు, ఊరు మునగనివారికి మాత్రం ఎందుకు అక్కరలేదు? మన వీధులు నీటిలో మునగలేదు. సిమెంటులో మునిగాయి.

డబ్బు లేదన్న మాట

పంచాయతీలకు నిధులు ఎక్కడివి అన్న ప్రశ్న వస్తుంది. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టటానికి, విగ్రహం నిలపటానికి చందాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడి నుంచే ఇవీ వస్తాయి. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం పేర్లు చెక్కించి సిమెంటు బల్లలు వేయించే దాతలు మన ఊళ్లలో ఉన్నారు. అవి ఎక్కువగా శ్మశానంలోనో, బస్టాండులోనో కనిపిస్తాయి. పోయిన తండ్రి పేరు చెక్కిన బల్ల శ్మశానంలో ఉండగా, ఉన్న తల్లికి వీధిలో కూర్చునే చోటు లేకపోవటం శోచనీయం.

పెద్దలను చూసుకోవలసింది కొడుకులు, కోడళ్లు, పంచాయతీ కాదు అనేవారూ ఉన్నారు. కూడు పెట్టటం, మందు కొనటం బిడ్డల బాధ్యతే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం దాన్ని స్పష్టంగా చెప్పింది. కాని ఏ కొడుకూ తన తల్లికి వీధిని కట్టి ఇవ్వలేడు. పొలం పనికి పోయిన కోడలు పగలంతా కూర్చుని మాట్లాడలేదు. వీధి అందరిదీ కనుక అందరూ కలిసి చేయవలసిందే.

చేయవలసిన పనులు

అడిగేవి పెద్ద పనులేమీ కావు. సి.సి. రోడ్డు వేసేముందు పాత రోడ్డును తవ్వి తీసి, ఇళ్ల గడపలు వీధి కంటే ఎత్తున ఉండేలా మట్టం పెట్టాలి. అంచనా రాసేటప్పుడే ఇంజనీరు ఆ ఖర్చు చూపాలి. మురుగు కాల్వ తవ్విన రోజునే పలకలు కూడా వేయాలి. ఆక్రమణ పేరుతో అరుగు కొట్టక తప్పనప్పుడు అదే వీధిలో మరోచోట కూర్చునే చోటు చూపించి కొట్టాలి.

50 గడపలకు ఒకటి చొప్పున, వేప, కానుగ వంటి నీడ చెట్ల కింద అరుగు గాని బల్లలు గాని ఉండాలి. బల్ల అడుగున్నర ఎత్తున, వీపు ఆనుకోవటానికి, చేతులు ఆనించి లేవటానికి వీలుగా ఉండాలి. నేల మీద కూర్చుంటే లేవలేని వయసు వారిది. దగ్గరలో మరుగుదొడ్డి ఉండటం ముఖ్యం. మూత్రం ఆపుకోలేమన్న భయంతోనే ఎందరో ముసలివారు ఇల్లు కదలరు, సిగ్గుపడి ఆ మాట చెప్పరు. గుడి మెట్లకు, చర్చి మెట్లకు పక్కన పట్టుకునే కమ్మీ ఉండాలి. తెల్లవారుజామున వీధి దీపాలు వెలగాలి.

ఆ చోటుకు ఒక పని కూడా తగిలించాలి. ఆశా కార్యకర్త బి.పి. చూసేది ఇంటింటికీ తిరిగి చూడటంతోపాటు వారానికి ఒకరోజు ఆ అరుగు దగ్గర చూడవచ్చు. పింఛను ఇంటికే ఇస్తూనే, నడవగలిగినవారిని నెలకొకసారి అక్కడ కలపవచ్చు. అంగన్‌వాడీ పిల్లలకు కథ చెప్పమంటే చెప్పే అమ్మమ్మలకు కొదువ లేదు. ఏ సంవత్సరం ఏ చెరువు తెగిందో, ఏ పుంతకు ఎంత వెడల్పు ఉండేదో చెప్పమంటే తాతయ్యల దగ్గర రికార్డు ఉంది. తనను ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగటం కన్నా ముసలి మనసుకు బలం లేదు.

ఇంట్లోవారు చేయవలసిందీ ఉంది. గేటు పగలు తెరిచి ఉంచాలి. మంచాన్ని వెనక గదిలోంచి వీధి కిటికీ దగ్గరకు జరపాలి. నిద్ర, తిండి, మాట మూడూ రెండు వారాలకు మించి తగ్గినట్టు కనిపిస్తే ముసలితనమని సరిపెట్టుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పాలి. "ఇంకెందుకు బతకటం" అన్న మాట వినిపిస్తే తేలిగ్గా తీసుకోరాదు. ఒంటరిగా వదలరాదు. పొలం మందు డబ్బాలను ఇంట్లో అందుబాటులో ఉంచరాదు. 2022 అక్టోబరు నుంచి మనోవ్యాధులపై సలహా కోసం 14416 నంబరు పగలూ రాత్రీ పనిచేస్తోంది. వృద్ధుల ఇతర కష్టాలకు 14567 ఉంది. రెండూ ఉచితం, రెండింటిలోనూ తెలుగులో మాట్లాడవచ్చు.

గ్రామసభలో అడగాలి

గ్రామసభకు వచ్చేవారు రోడ్డు అడుగుతారు, కాల్వ అడుగుతారు, దీపం అడుగుతారు. ముసలివారికి కూర్చునే చోటు కావాలని అడిగినవారు తక్కువ. అడగవలసిన ముసలివారు గ్రామసభ దాకా నడిచి రాలేకపోవటమే అందుకు కారణం. వారి తరఫున యువకులు, పొదుపు సంఘాల మహిళలు అడగాలి. ఊళ్లో 400 గడపలు ఉంటే ఎనిమిది చోట్లు. ఎక్కడెక్కడ వేయాలో ఆ వీధి ముసలివారినే అడిగి నిర్ణయించాలి. పంచాయతీ ప్రణాళికలో దానిని సుందరీకరణ కింద కాక ఆరోగ్యం కింద రాయాలి. జిల్లా అధికారులు సి.సి. రోడ్డు అంచనాల్లోనే ఈ పనిని చేర్చేలా ఆదేశాలు ఇవ్వాలి.

ఈ వీధులను మట్టి మోసి కట్టినవారు, ఈ చెట్లకు బిందెలతో నీళ్లు పోసి పెంచినవారు ఇప్పుడు గేట్ల లోపల ఉన్నారు. వారు కోరేది మేడలు కాదు. ఎండ పొడ తగిలేచోట, పోయేవారు పలకరించే చోట, లేవటానికి ఒక ఆసరా ఉన్న చోట గంటసేపు కూర్చోవటం. ఈ సంవత్సరం వేయబోయే ప్రతి రోడ్డు పక్కన ఆ కాస్త చోటు వదలవలసిన బాధ్యత సర్పంచులపై, వార్డు సభ్యులపై, వారిని ఎన్నుకున్న ప్రజలపై ఉన్నది.